అనంతపురం ఎండకి ఏ వాటర్ బాటిల్? ‘24 గంటలు కూల్’ స్పెక్‌ని లెక్కేసి చూద్దాం

ఫోన్ కొనేటప్పుడు 5000 ఎంఏహెచ్ అని చూసి మనం అక్కడితో ఆగిపోం. స్క్రీన్ ఎంత, ప్రాసెసర్ ఏది, 5జీ ఆన్‌లో ఉంటే సాయంత్రం దాకా వస్తుందా అని పది ప్రశ్నలు అడుగుతాం. వాటర్ బాటిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం డబ్బా మీద ‘24 అవర్స్ కోల్డ్’ అని కనిపిస్తే చాలు, కలర్ చూసి కార్ట్‌లో పడేస్తాం. నిజానికి బాటిల్ కూడా ఒక బ్యాటరీ లాంటిదే. ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందన్నది కెపాసిటీ, చల్లదనం ఎంతసేపు నిలుస్తుందన్నది స్టాండ్‌బై, మళ్లీ మంచి నీళ్లు దొరికే చోటు ఛార్జింగ్ పాయింట్. మా అనంతపురం సైడు ఆ ఛార్జింగ్ పాయింట్లు దూరం దూరంగా ఉంటాయి. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

తెలియనివాళ్ల కోసం: మాది రాయలసీమ పీఠభూమి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనదీ ఒకటని స్కూల్లో చదువుకున్నాం. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా విడిపోయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది గానీ, ఎండకి ఆ గీత తెలీదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 దాటడం ఇక్కడ మామూలే. ఈ ఎండలో గుత్తి కోట ఎక్కేవాళ్లకి, పొద్దున్నే గ్రౌండ్‌లో పరిగెత్తేవాళ్లకి, ఎన్‌హెచ్ 44 మీద బెంగళూరుకి బైక్ వేసుకుని పోయే నా లాంటివాళ్లకి బాటిల్ అంటే స్టైల్ ఐటెం కాదు. వడదెబ్బ తగలకుండా ఇంటికి చేరడం దాని మీద కూడా ఆధారపడి ఉంటుంది.

24 గంటలు ఎక్కడ? ఏ టెంపరేచర్‌లో?

స్టీల్ వ్యాక్యూమ్ బాటిల్ ఐడియా కొత్తదేం కాదు. 1892లో జేమ్స్ డ్యూవార్ ల్యాబ్ కోసం రెండు గోడల ఫ్లాస్క్ చేశాడు. 1913లో విలియం స్టాన్లీ దాన్ని మొత్తం స్టీల్‌తో చేశాడు. ఇప్పుడు రీల్స్‌లో కనిపించే స్టాన్లీ కప్పులు ఆ వంశమే. రెండు గోడల మధ్య గాలి తీసేస్తే వేడి దాటడం కష్టమవుతుంది. ఆగిపోదు, నెమ్మదిస్తుంది అంతే.

మన దగ్గర చాలా బ్రాండ్లు ‘24 గంటలు హాట్ అండ్ కోల్డ్’ అని రాస్తాయి. మిల్టన్ థర్మోస్టీల్ పేరు ఈ లైనుతోనే ఇంటింటికీ తెలిసింది. ‘కోల్డ్’ అంటే ఎన్ని డిగ్రీలు, బయట ఎంత ఎండ ఉన్నప్పుడు అన్నది మాత్రం ముందు లేబుల్ మీద కనిపించదు. జపాన్ మార్కెట్‌లో ఈ విషయంలో కాస్త నిజాయితీ ఉంది. అక్కడ అమ్మే ఫ్లాస్కుల స్పెక్‌లో, 20 డిగ్రీల గదిలో 4 డిగ్రీల నీళ్లు పోసి పెడితే 6 గంటల తర్వాత ఎన్ని డిగ్రీలు ఉంటాయో అంకెలో ఇస్తారు. ఉదాహరణకి ఒక బాటిల్‌కి ‘8 డిగ్రీలు’ అని ఉందనుకుందాం. ఆ ఒక్క అంకె చాలు, మిగతాది మనమే లెక్కేసుకోవచ్చు.

బీటెక్ ఫస్టియర్‌లో చదివి మర్చిపోయిన న్యూటన్ కూలింగ్ లా గుర్తుందా? గదికీ నీళ్లకీ తేడా 16 డిగ్రీలు. 6 గంటల్లో అది 12 అయింది, అంటే నాలుగింట మూడొంతులు మిగిలింది. అదే బాటిల్‌ని మా ఊరి మే నెలకి తెద్దాం. బయట 42. మొదటి తేడా 38 డిగ్రీలు. 6 గంటల తర్వాత 28.5 మిగులుతుంది, అంటే నీళ్లు 13.5 డిగ్రీలు. 12 గంటలకి దాదాపు 21. పూర్తిగా 24 గంటలకి 30. ఏసీ గదిలో ఇదే బాటిల్ 24 గంటల తర్వాత 15 డిగ్రీలు చూపిస్తుంది. డబ్బా మీద మాట అబద్ధం కాదు. కాకపోతే అది మన వాతావరణానికి రాసిన మాట కాదు.

రాత్రి ఎండ తగ్గుతుంది కదా, 42 రోజంతా ఉండదు కదా అంటారు. నిజమే, అసలు ఫలితం ఇంతకంటే కాస్త మెరుగ్గానే ఉంటుంది. కానీ తాగడానికి మూత తీసిన ప్రతిసారీ వేడి గాలి లోపలికి పోతుంది, సగం ఖాళీ అయిన బాటిల్ ఇంకా తొందరగా వేడెక్కుతుంది. కాబట్టి రెండూ చెల్లుకుంటాయనుకోండి. నా థంబ్ రూల్: డబ్బా మీది గంటల్ని సీమ ఎండాకాలంలో మూడుతో భాగించండి. 24 అంటే 8.

ఈ 8ని పెంచే చౌక అప్‌గ్రేడ్ ఐస్. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. లీటరు బాటిల్‌లో 200 గ్రాముల ఐస్ వేసి, మిగతాది ఫ్రిజ్ నీళ్లు పోస్తే, పైన చెప్పిన బాటిల్‌లోకి 42 డిగ్రీల ఎండలో గంటకి 8 కిలోజౌళ్ల చిల్లర వేడి వస్తుంది. ఆ ఐస్ దాదాపు 8 గంటలు సున్నా దగ్గరే ఆపుతుంది. వేడెక్కడం అసలు ఆ తర్వాతే మొదలు. పొద్దున 6కి హైదరాబాద్‌లో బయల్దేరినవాళ్లు మధ్యాహ్నం అనంతపురం దిగేదాకా ఐస్ ముక్క గలగలమంటూనే ఉంటుంది. నీళ్లు మాత్రం ముందే చల్లబడి ఉండాలి. కుళాయి నీళ్లలో వేస్తే ఐస్ మొత్తం వాటిని చల్లబరచడానికే అయిపోతుంది. ఇంకోటి, ఐస్ కోసమని బాటిల్‌నే ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకడితే నీళ్లు 9 శాతం దాకా పెరుగుతాయి. లోపలి గోడ ఉబ్బి వ్యాక్యూమ్ పోతే ఆ బాటిల్ మామూలు చెంబుతో సమానం.

ఇక్కడే మొదటి కొనుగోలు పాయింట్ తేలిపోయింది: మూతి వెడల్పుగా ఉండాలి. ఐస్ క్యూబ్ దూరని బాటిల్ మన ఎండకి పనికిరాదు. రెండో కారణం కింద వస్తుంది.

సొరకాయ బుర్ర ఇంజనీరింగ్

మా జేజినాయన గొర్రెల వెంట పోయేటప్పుడు ఎండిన సొరకాయ బుర్రలో నీళ్లు తీసుకుపోయేవాడట. లారీలకి, జీపులకి ముందు వేలాడే కాన్వాస్ నీళ్ల సంచీ మీలో కొందరు పాత సినిమాల్లో చూసే ఉంటారు. ఇంట్లో కూజా సంగతి సరేసరి. ఇవన్నీ చేసే పని వ్యాక్యూమ్ బాటిల్ చేతకానిది. వ్యాక్యూమ్ బాటిల్ మనం పోసిన చల్లదనాన్ని కాపాడుతుంది. కూజా కొత్తగా చల్లదనాన్ని తయారు చేస్తుంది.

లెక్క ఇదీ. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతుంది. లీటరు నీళ్లని 35 నుంచి 25 డిగ్రీలకి దింపడానికి పుస్తకం లెక్క ప్రకారం 17 గ్రాములు ఆవిరైతే చాలు. చుట్టూ గాలి కూడా వేడిస్తూ ఉంటుంది కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే పడుతుంది, అయినా అది గ్లాసుడు కూడా కాదు. ఎంత దాకా చల్లబడుతుందన్నది గాలిలో తేమని బట్టి ఉంటుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, ఆవిరితో దిగగలిగే హద్దు 22 డిగ్రీల దగ్గర. అదే 40 డిగ్రీలకి కోస్తాలో తేమ 50 శాతం ఉంటే హద్దు 30 దాటిపోతుంది. పొడి ఎండ మన శాపం అనుకుంటాం గానీ, ఈ ఒక్క పనిలో విజయవాడ వాళ్ల కంటే మనకే లాభం.

దీన్ని బాటిల్‌కి వాడుకోవడం తేలిక. ఒకే గోడ ఉన్న స్టీల్ బాటిల్ తీసుకుని, దాని చుట్టూ పాత కాటన్ టవల్ ముక్క లేదా సాక్స్ తొడిగి తడపండి. బైక్ మీద గాలి తగిలేచోట, నీడ వైపు కట్టండి. గుడ్డ ఆరినప్పుడల్లా మళ్లీ తడపాలి, అంతే మెయింటెనెన్స్. దానికి తాగే నీళ్లే అక్కర్లేదు, బోరు నీళ్లయినా చాలు. ఫ్రిజ్ నీళ్లంత చల్లగా రావు, కుండ నీళ్లలా వస్తాయి. గొంతుకి అదే హాయి. రెండు గోడల బాటిల్‌కి ఈ ట్రిక్ పనిచేయదు. బయటి గోడ చల్లబడినా లోపలికి చేరదు కదా, వ్యాక్యూమ్ ఉన్నదే దానికి.

అందుకే ‘ప్రీమియం అంటే డబుల్ వాల్, చీప్ అంటే సింగిల్ వాల్’ అనే లెక్క ఇక్కడ సరిపోదు. లీటరు వ్యాక్యూమ్ బాటిల్ ఖాళీగానే అర కిలో దగ్గర తూగుతుంది. సింగిల్ వాల్ అందులో సగం. గుత్తి కోటకి చుట్టూ నేల నుంచి దాదాపు వెయ్యి అడుగులు ఎక్కాలి. పైకి మోసే ప్రతి పావు కిలో స్టీల్ బదులు పావు లీటరు నీళ్లు మోయొచ్చు. నేనైతే నీళ్లే మోస్తా.

బాటిల్‌లోకి వచ్చే నీళ్ల సంగతి

గ్యాడ్జెట్ ప్రియులకి ఎక్కువ ఊరించే సెక్షన్ ఇది. మూతలో యూవీ లైట్ ఉండే లార్క్ లాంటి బాటిళ్లు, ఎంత తాగామో యాప్‌కి చెప్పే హైడ్రేట్‌స్పార్క్ లాంటివి, ఇంకా స్ట్రాలో కార్బన్ ఫిల్టర్ పెట్టిన రకరకాల మోడళ్లు. వీడియోల్లో బాగుంటాయి. కానీ అనంతపురం జిల్లాల నీటిలో ఉన్న సమస్యకి వీటిలో ఏదీ మందు కాదు.

మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఉండే ఇబ్బంది ఫ్లోరైడ్. దానికి రంగు, వాసన, రుచి ఉండవు. నీటిలో ఎక్కువైతే పళ్ల మీద మచ్చలు, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోవడం. తెలుగు నేలకి ఇది పాత శత్రువే. దేశంలో ఈ జబ్బుని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఈ జిల్లాలో 700కి పైగా గ్రామాలకి పైపులైన్ వేసిందంటే, సమస్య ఎంత పెద్దదో అర్థం చేసుకోండి.

యూవీ లైట్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఫ్లోరైడ్ జీవి కాదు, చంపడానికి. కార్బన్ ఫిల్టర్ క్లోరిన్ వాసన, కొన్ని రసాయనాలు పడుతుంది, ఫ్లోరైడ్‌నీ ఉప్పునీ పెద్దగా ఆపదు. ఫ్లోరైడ్ తీయాలంటే ఆర్‌ఓ, యాక్టివేటెడ్ అల్యూమినా, లేకపోతే పటిక, సున్నంతో చేసే నల్గొండ టెక్నిక్. ఇవేవీ బాటిల్ మూతలో పట్టేవి కాదు. ఇంకో అపోహ: జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటర్ పెన్. అది నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాల అంచనా చెబుతుంది. 300 చూపించిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు, 900 చూపించిన వాటిలో తక్కువ ఉండొచ్చు. ఆ పెన్‌కి ఆ తేడా తెలీదు.

కాబట్టి స్మార్ట్ మూతకి పెట్టే వేలల్లో కొంత పెద్ద కెపాసిటీకి పెట్టండి. మంచి నీళ్లు ఎక్కడ ఉన్నాయో తెలిసిన చోట ఫుల్‌గా నింపుకుని, తెలియని బోరు దగ్గర ఆగాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే ఇక్కడ అసలైన ఫిల్టర్. వాగు నీళ్లు తాగే కొండల ట్రెక్కింగ్‌కైతే యూవీ బాటిల్ మంచిదే, కాదనను.

వెడల్పు మూతికి రెండో కారణం కూడా నీళ్లే. కఠిన జలం రోజూ పోస్తే నెలలో అడుగున తెల్లటి పొర కడుతుంది. చెయ్యి, లేదా కనీసం బ్రష్ దూరాలి. గోరువెచ్చని నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు వేసి అరగంట ఉంచితే ఆ పొర వదులుతుంది. ఇసుకతో, స్టీల్ పీచుతో రుద్దకండి.

ఎంత పెద్దది?

సీసా సైజు ఎంచుకోవడానికి ఒక బరువు తూచే మెషిన్ చాలు. ఒక గంట పరుగుకో, సైక్లింగ్‌కో ముందు బరువు చూసుకోండి, చెమట తుడుచుకుని తర్వాత మళ్లీ చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు చెమట. మధ్యలో తాగిన నీళ్లుంటే అదీ కలపాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2007లో చెప్పిన గీత: ఒంటి బరువులో 2 శాతం కంటే ఎక్కువ పోనివ్వొద్దు. 70 కిలోల మనిషికి అది 1.4 లీటర్లు. మనిషిని బట్టి గంటకి అర లీటరు నుంచి రెండు లీటర్ల దాకా చెమట పోవచ్చు కాబట్టి, పక్కవాడి బాటిల్ సైజు చూసి కొనడం దండగ. జిమ్‌కి 750 మిల్లీలీటర్లు చాలామందికి సరిపోతుంది. ఎండలో రెండు గంటల రైడ్‌కి అది సరిపోదు.

అలాగని గడగడా ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది రన్నర్లలో 13 శాతం మందికి రక్తంలో సోడియం మామూలు కంటే తక్కువ ఉందని తేలింది. నీళ్లు ఎక్కువ తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకి ఆ ముప్పు ఎక్కువ. ఎక్కువసేపు చెమట పట్టే రోజున, లేదా విరేచనాలైనప్పుడు ఓఆర్‌ఎస్ కలుపుకుంటారు. అక్కడ బాటిల్ సైజు మళ్లీ ముఖ్యమవుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరుకి. 750లో మొత్తం వేస్తే చిక్కబడుతుంది. లోపలో, పక్కనో లీటరు గీత ఉన్న బాటిల్‌కి నా దగ్గర అదనపు మార్కులు. ఇక కొన్నేళ్లుగా షాపుల్లో ‘ఓఆర్‌ఎస్’ పేరు పెట్టి చక్కెర డ్రింకులు అమ్మేవాళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని ఆపింది. ప్యాకెట్ వెనక డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

స్టీల్, ప్లాస్టిక్, రాగి

304 స్టీల్ అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. దీన్నే 18/8 అంటారు. చౌక బాటిళ్లలో 201 వాడితే నికెల్ తగ్గి మాంగనీస్ పెరుగుతుంది, ఉప్పు నీళ్లకి తుప్పు తొందరగా పడుతుంది. ‘మ్యాగ్నెట్ పెట్టి చూడండి, అంటుకుంటే డూప్లికేట్’ అనే యూట్యూబ్ టెస్ట్ ఉంది చూశారూ, దాన్ని నమ్మకండి. 201 కూడా మ్యాగ్నెట్‌కి అంటుకోదు, పైగా అసలైన 304 వంచినచోట, ఒత్తినచోట కొంచెం అంటుకుంటుంది. దానికంటే ఐఎస్‌ఐ మార్కు చూడండి. 2023 జులైలో కేంద్రం తాగునీటి బాటిళ్లకి క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ తెచ్చింది. మార్కు దగ్గర ఉండే లైసెన్స్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో వస్తుంది. షాపులోనే నిలబడి ఒక నిమిషంలో అయ్యే పని.

ప్లాస్టిక్ అంటే భయపడే మెసేజ్‌లు మన ఫ్యామిలీ గ్రూపుల్లో రోజూ వస్తుంటాయి. ‘కారులో పెట్టిన బాటిల్ నీళ్లు విషం’ అని. అమెరికాలో అరిజోనా కూడా మన లాంటి పొడి ఎండ ప్రాంతమే. అక్కడి యూనివర్సిటీ వాళ్లు 2008లో పెట్ బాటిళ్ల నీటిలోకి దిగే యాంటిమొనీ కొలిచారు. అక్కడి పరిమితి దాటడానికి 60 డిగ్రీల దగ్గర 176 రోజులు, 80 డిగ్రీల దగ్గర రెండు రోజుల పైచిలుకు పడుతుందని తేలింది. అంటే ఒక మధ్యాహ్నం కారులో మర్చిపోయిన బాటిల్‌తో కొంప మునగదు. అదే వాడి పారేసే బాటిల్‌ని వేసవంతా డ్యాష్‌బోర్డ్ మీద తిప్పుతూ నింపుకోవడం మాత్రం అనవసరం. ప్లాస్టిక్కే కావాలంటే అడుగున 5 నంబర్ ఉన్న పాలీప్రొపైలిన్, లేదా బీపీఏ లేని ట్రైటాన్. తేలిక, కిందపడినా సొట్ట పడదు, తడి గుడ్డ ట్రిక్ కూడా కొంత పనిచేస్తుంది. రాగి బాటిల్ ఇంట్లో మంచి నీళ్లకి సరే. నిమ్మరసం, మజ్జిగ, ఎలక్ట్రోలైట్ పోసేవాళ్లకి వద్దు, పులుపుకి రాగి కరుగుతుంది.

ఇంతకీ ఏది కొనాలి అంటారా? జిమ్, గ్రౌండ్‌కి: 750 మిల్లీలీటర్ల సింగిల్ వాల్ స్టీల్, వెడల్పు మూతి. బెంగళూరు, హైదరాబాద్ రోడ్ ట్రిప్‌కి: లీటరు వ్యాక్యూమ్ బాటిల్ ఒకటి ఐస్‌తో, దాని పక్కన లీటరు సింగిల్ వాల్ ఒకటి తడి గుడ్డతో. మొదటిది రెండోదాని కంటే రెండు, మూడింతలు ఖరీదు ఉంటుంది. బడ్జెట్ ఒక్కదానికే అయితే నా ఓటు సింగిల్ వాల్‌కే, అదీ పెద్ద సైజుకి. విమానంలో పోయేవాళ్లకి ఏదైనా ఒకటే. ఇంటర్నేషనల్ సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్లు దాటిన నీళ్లు పారబోయాల్సిందే, ఖాళీ బాటిల్ దాటించి లోపల నింపుకోవాలి.

మూత విషయంలో నాకు పక్షపాతం ఉంది. స్ట్రా మూతలు వీడియోల్లో బాగుంటాయి, పది రోజులకి వాసన వస్తాయి. మజ్జిగ పోస్తే మూడు రోజులకే. మామూలు మరల మూత, బయటికి ఊడివచ్చే రబ్బర్ వాషర్ ఉన్నది తీసుకోండి. వారానికోసారి ఆ వాషర్ తీసి కడగాలి, నల్లటి బూజు మొదట పట్టేది దాని వెనకే. మజ్జిగని వ్యాక్యూమ్ బాటిల్‌లో బిగించి గంటల కొద్దీ వదిలేయకండి, పులిసి గ్యాస్ పట్టి మూత తీసినప్పుడు చొక్కా మీదికి వస్తుంది. కొనే ముందు స్పేర్ వాషర్ విడిగా దొరుకుతుందా అని షాపు అన్నని అడగండి. దొరకదంటే, ఆ పక్క మోడల్ చూపించమనండి.